పరుల యింట చదువుకొను పిల్లలు



ఈ మధ్య ముగ్గురు తల్లులు నన్ను ఇంచుమించు ఒకే ప్రశ్న అడిగిరి. తమ బిడ్డను పది నెలలపాటు పరదేశమునకు చదువునకు పంపుడని బడివారు చెప్పుచున్నారట. అక్కడ వసతిగృహము లేదు. ఆ దేశపు కుటుంబమువారి యింట నుండి, వారు తినునది తిని, వారి పిల్లలు పోవు బడికి పోవలెనట. "ముక్కు మొగము ఎరుగని వారి యింటికి పదునారేండ్ల ఆడపిల్లను ఎట్లు పంపుదుమండీ?" అని ఆ తల్లుల యాందోళనము. ఇంకొక సోదరి ప్రశ్న దీనికి తలక్రిందులుగా నున్నది. వారి యింటికే ఒక పరదేశపు బాలిక వచ్చి కొన్నాళ్లుండబోవుచున్నది. ఆమెకు ఏమి వండిపెట్టవలెను, మన పద్ధతులు ఎంతవరకు చెప్పవచ్చును, పని చెప్పినచో తప్పగునా అని యామె యడుగుచున్నది.

ఈ రెండింటికిని జవాబు చెప్పుటకు నాకు కొంత అనుభవము కలదు. మా యింటినుండి ఒక పిల్ల అట్లు వెళ్లినది, మా యింటికి ఒక పిల్ల అట్లు వచ్చినది. రెండు మారులును పొరపాట్లు జరిగినవి. మొదటి దానిలో తప్పు మా పిల్లది కొంత. రెండవ దానిలో తప్పంతయు నాదే.

2023వ సంవత్సరమున మా మనుమరాలికి పదునారేండ్లు. తలిదండ్రులతో హైదరాబాదున నుండి చదువుకొనుచు, బడిలో జర్మను భాష నేర్చుకొనెను. ఆ యేడు జర్మనీ దేశమున ఒక చిన్న పట్టణములో ఒక కుటుంబమువారి యింట నుండి చదువుకొనుటకు ఆమెకు అవకాశము వచ్చెను. మా అబ్బాయియు కోడలును సంతోషించిరి. రావులపాలెమున కూర్చుండి వలదన్నది నేను. మూడు దినములు ఫోనులో వాదించితిని. "మన యింట అన్నము లేకనా, పిల్లను ఒకరి పంచను పెట్టుట?" అంటిని. మా కోడలు ఎదురు చెప్పలేదు. నాలుగవనాటి రాత్రి ఆనందీబాయి జోషిగారి కథ నాకు చదివి వినిపించెను.

ఆనందీబాయిగారి పేరు మీలో పెక్కుమంది వినియే యుందురు. పాశ్చాత్య వైద్యమున పట్టము పొందిన తొలి భారతస్త్రీలలో నామె యొకతె. ఆమె వైద్యురాలైన సంగతి అందరును చెప్పుదురు గాని, పరదేశమున ఆమె యెవరి యింట నుండెనో చెప్పువారు తక్కువ. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున రోజెల్ అను ఊర కార్పెంటరుగారను గృహిణి యుండెను. ఆనందీబాయి భర్త గోపాలరావుగారు భార్య చదువునకు సహాయము కోరుచు వ్రాసిన జాబు ఒక క్రైస్తవ పత్రికలో అచ్చుకాగా, 1880లో అది ఈమె కంట పడెను. ఎన్నడు చూచి యెరుగని ఆ మహారాష్ట్ర బాలికకు ఆమె ఉత్తరము వ్రాసెను. మూడేండ్లు ఉత్తరములు నడచినవి. 1883 జూను నెలలో, పదునెనిమిదేండ్ల యీడున, భర్త తోడు లేక ఆనందీబాయి న్యూయార్కు రేవున దిగి, నేరుగా కార్పెంటరుగారి యింటికే చేరెను. ఆ యింట చీర కట్టుకొనియే తిరిగెను, శాకాహారమే భుజించెను. ఆ గృహిణిని పిన్నతల్లిగా భావించెను. పిమ్మట ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్యకళాశాలలో చదివి 1886 మార్చిలో పట్టము పొందెను. స్వదేశమునకు తిరిగివచ్చిన కొలది నెలలకే, 1887 ఫిబ్రవరి 26న, క్షయరోగమున కన్నుమూసెను. ఇరువదిరెండేండ్లయినను నిండలేదు. ఆమె చితాభస్మమును కార్పెంటరుగారికి పంపిరి. ఆ యిల్లాలు దానిని పుకీప్సీ పట్టణమున తమ కుటుంబమువారి సమాధుల నడుమ నుంచి, పేరు చెక్కిన శిల నిలిపించెను. ఆ రాయి నేటికిని ఉన్నది.

ఇది విని నేను మారు పలుకలేకపోతిని. "సరే, పంపుడు" అంటిని. అయినను తెల్లవారునప్పటికి ఇంకొక సందేహము పుట్టెను. పరుల బిడ్డను చేరదీయు గృహిణులందరును కార్పెంటరుగారివంటి వారగుదురా?

కారు. కానందుననే ఇప్పటి యేర్పాట్లు ఒక్క మనిషి మంచితనముమీద ఆధారపడి యుండవు. ఈ పద్ధతి పుట్టిన తీరు కొంచెము చెప్పెదను. మొదటి ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికులను మోయుటకు ఫ్రాన్సుదేశమునకు బండ్లు తోలుకొని పోయిన అమెరికా స్వచ్ఛందసేవకుల సంఘమొకటి కలదు. దానినే ఏ.ఎఫ్.ఎస్. అందురు. రెండు యుద్ధములలో క్షతగాత్రులను మోసి మోసి విసిగిన ఆ సంఘమువారు, యుద్ధము ముగిసినపిదప బండ్లు మాని పిల్లలను ఒక దేశమునుండి ఇంకొక దేశమునకు తీసికొనిపోవు పని పెట్టుకొనిరి. 1947లో పది దేశములనుండి ఏబదిరెండుగురు విద్యార్థులు అమెరికా గృహములలో నుండి చదువుటకు వచ్చిరి. మన దేశమునను ఆ సంఘమునకు శాఖ కలదు. ఫ్రాన్సు జర్మనీలు 1870, 1914, 1939 సంవత్సరములలో మూడు మారులు యుద్ధమునకు దిగిన దేశములు. అవి 1963లో సంధి చేసికొని, ఆ యేడే యువకులను ఒకరి దేశమునకు ఒకరు పంపుటకై ఒక కార్యాలయము స్థాపించెను. నాటినుండి తొంబది లక్షలమందికి పైగా ఆ విధముగా వెళ్లివచ్చిరి. స్పెయినువారి కథ వేరు. 1960లో రెండు ప్రభుత్వములు చేసికొన్న యొడంబడికపై స్పెయిను దేశపు కూలీలు లక్షలకొలది పశ్చిమ జర్మనీకి పనికై పోయిరి. వారిలో చాలమంది తలదాచుకొన్నది కర్మాగారములవారు చూపిన బసలలో. వారి మనుమల కాలమునకు పిల్లలు జర్మనుల యిండ్లలోనికే పోయి వారి బల్లకడ కూర్చుండుచున్నారు.

ఇట్టి సంఘములలో చాలవాటియందు పిల్లను ఉంచుకొను కుటుంబమునకు కూలి యీయరు. ఇష్టముండి ఉంచుకొనవలసినదే. ఆ యింటివారితో సంబంధము లేని ఇంకొక మనిషిని పిల్లకు సంరక్షకురాలుగా నియమింతురు. పొసగనిచో ఇల్లు మార్చుదురు. కావున, నన్నడిగిన తల్లులారా, బడివారిని మీరు మొదట అడుగవలసినది విమానపు టిక్కెట్టు సంగతి కాదు. "మా పిల్లకు ఆ యింట కష్టము కలిగినచో, ఏ వేళనైనను పిలువదగిన మనిషి ఎవరు? ఆ యూరనే యున్నదా?" అని అడుగుడు. పేరును ఫోను సంఖ్యయు కాగితముమీద వ్రాసి యీయనిచో పంపకుడు. ఇందులో మొగమాటము వలదు.

మొగమాట మన్నాను గనుక మా పిల్ల చేసిన పని చెప్పవలెను. ఆ జర్మను యింట భార్యాభర్తలును, పండ్రెండేండ్ల కుమారుడును ఉండిరి. మా పిల్లతోబాటు స్పెయిను దేశమున వలెన్సియా నగరమునుండి వచ్చిన ఇంకొక బాలికకును వారు చోటిచ్చిరి. ఇద్దరిదియు ఒకే యీడు. పిల్లను ఉంచుకొను గృహిణిని జర్మనులు 'గాస్ట్‌ముట్టర్' అందురు. అతిథికి తల్లి అని అర్థము.

స్పెయినును జర్మనీయు ఒకే ఖండమున నున్నవి, రెండు దేశములవారును రొట్టె తినువారే, వారిలో వారికి భేదమేముండునని మన మనుకొందుము. వారు మనలను జూచి తెలుగువారికిని అరవవారికిని భేదమేమని యడిగినట్లే యుండును. స్పెయినువారు పగటి భోజనము రెండు మూడు గంటలకు, రాత్రి భోజనము తొమ్మిది పది గంటలకు చేయుదురు. తినిన పిదప వెంటనే బల్లకడనుండి లేవరు. అట్లు కూర్చుండి మాటలాడుకొనుటకు వారి భాషలో ప్రత్యేకముగా 'సొబ్రెమెసా' అను మాటయే కలదు. జర్మను గృహములలో పెక్కింట సాయంకాలము ఆరు ఏడు గంటల నడుమ రొట్టె, వెన్న, జున్ను, మాంసపు బిళ్లలు, ఊరవేసిన దోసకాయ బల్లమీద పెట్టుదురు. పొయ్యి వెలిగింపరు. రాత్రి భోజనమనిన అదియే. దానికి వారు పెట్టుకొన్న పేరును 'సాయంకాలపు రొట్టె' అనియే. రాత్రి పది దాటినచో ఇంట చప్పుడు ఉండరాదు. ఆదివారము అంగళ్లు మూసియుండును. ఆనాడు గోడకు మేకు కొట్టరాదు, ఖాళీ గాజుసీసాలు వీధితొట్టిలో పడవేయరాదు, గలగలమనును గనుక. చెత్తను పసుపు తొట్టి, నీలపు తొట్టి, గోధుమరంగు తొట్టి అని విడదీసి వేయవలెను. గడ్డకట్టు చలిలో సైతము గదికి గాలి మారుటకు కిటికీలు బార్లా తెరువవలెను. ఈ కిటికీల సంగతి విని మా అత్తగారు, "అదొక్కటి మంచి అలవాటు" అనిరి.

వలెన్సియా పిల్లకు ఆరు గంటలకు ఆకలి యుండదు. ఒక రొట్టెముక్క కొరికి లేచును. రాత్రి పదింటికి కడుపు మండగా క్రిందికి దిగి ఫ్రిజ్జు తెరచి దొరకినది తినును. సరిగా ఆ వేళకే వలెన్సియాలో ఆమె తల్లి భోజనమునకు కూర్చుండును. కావున ఫోను చేసి తల్లితో గొంతెత్తి మాటలాడును. మూడు వారములు చూచి ఆ గృహిణి ఒక ఉదయమున, "రాత్రి పది తరువాత ఈ యింట మాటలు వినబడరాదు. ఫ్రిజ్జులో నేను మరునాటికి ఉంచుకొన్న జున్ను నీవు తింటివి. అడిగి తినుము" అనెను. కోపముతో కాదట, వాన వచ్చునట్లున్నదని చెప్పినట్లు చెప్పెనట. ఉన్నమాట సూటిగా చెప్పుట అక్కడ మర్యాద. ఆ పిల్ల మాత్రము తనను ఇల్లు విడిచి పొమ్మన్నట్లు తలచి, గదిలో తలుపు వేసికొని యేడ్చెను.

మా పిల్ల ఏడువలేదు, పస్తుండెను. మొదటినాడు గృహిణి, "ఇంకొక ముక్క వేయనా?" అని యడిగెను. మన యిండ్లలో పెరిగిన పిల్ల కదా, "వద్దండీ" అనెను. మన యింట వద్దని మూడుమారులు అన్నపిదప గాని వద్దనినట్లు కాదు. ఆ గృహిణి ఒక్కమారు విని, సరే నని, పళ్లెము తీసి లోపల పెట్టెను. రెండవనాడును అట్లే, మూడవనాడును అట్లే. నేను ఫోను చేసి తిన్నావా అని యడిగిన ప్రతి దినమును తిన్నాననియే చెప్పెను. పెట్టెలో మేము పెట్టి పంపిన ఆవకాయ సీసాను రాత్రులందు రొట్టెతో నంజుకొనుచుండెనట. ఇది నాకు ఆరు నెలల తరువాత గాని తెలియలేదు. పంపబోవు తల్లులారా, పెట్టెలో పచ్చడి పెట్టుటకు ముందు, ఆకలియైనప్పుడు మొదటి మారే "కావలెను" అని చెప్పుట మీ పిల్లకు నేర్పుడు. ఒక వారము మీ యింటనే అభ్యాసము చేయింపుడు. నవ్వులాట కాదు.

చివరకు ఎట్లు సరిపడినదనగా, వలెన్సియా పిల్ల ఏడ్చుట చూచి మా పిల్లయే సంరక్షకురాలికి ఫోను చేసెను. తన ఆకలి సంగతియు అప్పుడే బయటపడినది. ఆమె వచ్చి కాఫీ త్రాగి, ఆ గృహిణితో అరగంట మాటలాడి వెళ్లెను. ఆ యాదివారము గృహిణి ఇద్దరు పిల్లలను వంటగదిలో కూర్చుండబెట్టి, కాగితము కలము తెచ్చి, "నీకు ఎన్ని గంటలకు ఆకలియగును? నీకు?" అని యడిగి వ్రాసికొనెను. ఫ్రిజ్జులో ఒక అర వారికి విడిచెను, అందులోనిది ఎవరినడుగక తినవచ్చును. బుధవారము రాత్రి మా పిల్ల వంట, శనివారము వలెన్సియా పిల్ల వంట. ఫోను మాటలకు మెట్లక్రింది గది. సీసాలు అంగడికి తిరిగి యిచ్చి పైకము తెచ్చుట ఒకతె పని, గోధుమరంగు తొట్టి ఇంకొకతె పని. ఆ కాగితము పది నెలలు ఫ్రిజ్జు తలుపునకు అంటియుండెను. వచ్చునప్పుడు మా పిల్ల దానిని అడిగి తెచ్చుకొన్నది.

వలెన్సియా నగరము చెంతనే అల్బుఫేరా అను మంచినీటి సరస్సు కలదు. దాని చుట్టు మన కోనసీమలోవలె వరిచేలే. ఆ పిల్ల శనివారము వెడల్పైన పల్లపు బాణలిలో బియ్యము వండును, గరిటెతో కలుపనీయదు. అడుగున మాడిన పొర కొరకు ఇంటిల్లిపాదియు పోట్లాడుదురట. అన్నము మాడినదని మనము వంటచేసినవారిని తిట్టుదుము, వారు మాడనిచో తిట్టుదురు!

ఈ సంగతులన్నియు మనుమరాలు తిరిగివచ్చిన పిమ్మట మా సావడిలో కూర్చుండి చెప్పినది. మా అత్తగారికి ఎనుబదినాలుగేండ్లు. అంతయు విని చాలసేపు ఊరకుండి, "ఆ ఇల్లాలు కాగితం మీద రాసింది. మా అత్తగారు రాయలేదు" అనిరి. అప్పుడు చెప్పిన కథ నేను ఈ యింట కాపురమునకు వచ్చి నలుబదేండ్లు దాటినను వినియుండలేదు.

వారాలు చెప్పుకొనుట అను మాట నేటి పిల్లలకు తెలియదు. పూర్వము ఊరు విడిచి చదువుకొను పేదపిల్లవాడు ఏడిండ్లవారిని ఆశ్రయించి, ఒక్కొక్క యింట వారమున కొక్కదినము భోజనము చేయుచుండెను. కోనసీమ అగ్రహారములలో వేదము చదువుకొను పిల్లలకును, పట్టణములలో ఇంగ్లీషు చదువు పిల్లలకును ఇదియే ఆధారము. మా అత్తగారి అత్తగారు కొత్తపేటలో కాపురమున్న రోజులలో, వారి యింట గురువారము ఒక పిల్లవాడు తినుచుండెను. ఇంటివారి భోజనములైన తరువాత, పెరటి వసారాలో ఆకు వేయుదురు. పిల్లవాడు తలవంచుకొని తిని, ఆకు తీసి పారవేసి పోవును. ఎవరును వానిని కసరలేదు. ఎవరును వానితో మాటలాడను లేదు. ఒక గురువారము ఇంట నేదో చుట్టముల సందడిలో ఆయన సంగతి మరచిరి. పిల్లవాడు వచ్చి అరుగుమీద కూర్చుండి, లోపలినుండి పిలుపు రాక, నూతికడ నీళ్లు త్రాగి బడికి పోయెను. సాయంకాలమునకు గాని ఆమెకు జ్ఞప్తికి రాలేదు. తరువాతి గురువారము ఆకు వేసి ఎదురుచూచిరి. రాలేదు. ఏ యూరు పోయెనో తెలియలేదు. ఆమె బ్రతికియున్నంతకాలము గురువారము ఎసటిలో ఒక గిద్దెడు బియ్యము అదనముగా పోసెడిదట, ఎవరు తినకున్నను. "లోపలికి వచ్చి అమ్మా ఆకలి అనవచ్చు కదా వాడు," అని మా అత్తగారనిరి. కొంచెము తాళి తామే, "ఎలా అంటాడు? ఏ ఒక్క రోజైనా లోపలికి రమ్మంటే కదా!" అనిరి.

అందరు పిల్లలకును అట్లే జరిగినదని కాదు. ప్రకాశము పంతులుగారికి చిన్ననాడే తండ్రి పోగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలున పూటకూళ్ల యిల్లు నడపి బిడ్డలను పెంచిరి. ఆయనకు చదువు చెప్పిన హనుమంతరావు నాయుడుగారు రాజమహేంద్రవరము పోవునప్పుడు ఈ పిల్లవానిని వెంటబెట్టుకొని వచ్చి, తమ యండను ఉంచి చదివించిరి. వారి కులము వేరు, వీరి కులము వేరు. ఆ కాలమున అది చిన్న సంగతి కాదు. ఇంకొకటి దాచక చెప్పవలెను. వారములు దొరకినది కొన్ని కులముల పిల్లలకే. మాలమాదిగల పిల్లవానికి అగ్రహారమున వసారా సైతము లేదు. అట్టి పిల్లలకై రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు పిఠాపురము మహారాజావారి ధనసహాయముతో కాకినాడలో వసతి కల్పించిరి. మన గృహిణులు తలుపు తెరచియున్నచో హాస్టళ్లు అంత అవసరమై యుండెడివా అని నాకు అప్పుడప్పుడు తోచును.

ఇక నా తప్పు. 2025 జనవరిలో వలెన్సియా పిల్ల మా మనుమరాలిని చూచుటకు వచ్చి, సంక్రాంతికి ఇద్దరును మా యింటికి వచ్చిరి. రాజమహేంద్రవరమున విమానము దిగి, జొన్నాడకడ గౌతమి వంతెనమీదికి వచ్చినప్పుడు ఆ పిల్ల కారు ఆపించి నదిని చూచెనట. 2024 అక్టోబరు చివర వలెన్సియా ప్రాంతమున వచ్చిన వరదలో రెండువందల మందికి పైగా పోయిరి. ఆమె వారందరును క్షేమమే గాని, నీరన్నచో బెదురు పోలేదు. గట్టు ఎంత యెత్తు అని అడిగెను. 1986 ఆగస్టులో ధవళేశ్వరముకడ ముప్పదియైదు లక్షల క్యూసెక్కుల నీరు పారిన కథ మా అత్తగారు చెప్పగా, మనుమరాలు జర్మను భాషలోనికి మార్చి చెప్పెను. వారిద్దరికిని సులువైన భాష అదియే మరి. "ఇదేం భాషే, గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టుంది" అని మా అత్తగారు నవ్విరి.

నేను ఆ పిల్లకు నా గది యిచ్చితిని. ఆత్రేయపురము పూతరేకులు, అరిసెలు, సున్నుండలు సిద్ధము చేసితిని. మార్కెటునుండి అమృతపాణి, చక్కెరకేళి గెలలు రెండు తెప్పించితిని. పళ్లెము ఎత్తబోయిన లాగుకొంటిని. చీపురు ముట్టబోయిన అయ్యో అంటిని. వీధివారందరును వచ్చి చూచిపోయిరి. భోజనమున ఆమె "వద్దు" అని తెలుగున నేర్చుకొని చెప్పినది. జర్మనీలో ఆమె నేర్చినదేమనగా, వద్దన్నచో వద్దనియే. నేను నేర్చినదేమనగా, వద్దన్నచో మొగమాటమని. కావున వడ్డించితిని. అక్కడ మా పిల్ల కావలెనని యనలేక పస్తుండగా, ఇక్కడ వలెన్సియా పిల్ల వద్దని మొరపెట్టుకొన్నను వినక నేను పెట్టితిని. నాలుగవ దినమునకు కడుపు చెడి పడుకొన్నది. ఆ మధ్యాహ్నము మనుమరాలు నా కడకు వచ్చి, "మామ్మా, మనకు తనవల్ల ఇబ్బందిగా ఉందా అని అడుగుతోంది. ఒక్క పనీ చెప్పడం లేదట, ఎప్పుడు వెళ్లిపోతుందా అని చూస్తున్నామేమో అంటోంది" అనినది. నాకు తల తిరిగినది. మహారాణివలె చూచితి ననుకొంటిని గదా!

మా అత్తగారు విని, "ఊరికే కూర్చోబెట్టి నైవేద్యం పెట్టడానికి అదేమైనా విగ్రహమా?" అని నన్నే కేకలువేసిరి. మరునాడు ఆ పిల్లను పిలిచి, పెరటిలో ఎండిన భోగిపిడకల గంపయు పురికొసయు ముందర పెట్టిరి. దండ గ్రుచ్చుట చేతితోనే చూపిరి. ముడి వదులుగా వేసినచో విప్పి మరల వేయించిరి. ఆ సాయంకాలము గుమ్మడికాయ ముక్కలు తరుగుమనిరి, పెద్దవిగా తరిగినచో గదమాయించిరి. తమ పూజ కాకమునుపు వంటింటిలోనికి రారాదని, చెప్పులు గడపలోపల పనికిరావని, స్నానపు గదిలో వేడినీళ్లు ఏడింటివరకే యుండునని వరుసగా చెప్పిరి. నేను బెదరితిని. ఆ పిల్ల మాత్రము ఒక చిన్న పుస్తకము తెచ్చి అన్నియు వ్రాసికొని, ఇంకేమైన ఉన్నవా అని యడిగెను. కనుమనాడు జగ్గన్నతోట తీర్థమునకు పోయి, పదకొండు ఊళ్ల ప్రభలను భుజములపై మోసికొని చేలకు అడ్డముపడి కాలువలో దిగి తెచ్చుట చూచి వచ్చి, రాత్రి అన్నము రెండుమారులు అడిగి వేయించుకొన్నది.

ఇంటికి ఆడపిల్లను తెచ్చుకొనబోవు సోదరికి నేను చెప్పగలిగినది ఇంతే. మొదటినాడే ఇల్లంతయు త్రిప్పి చూపుడు. బాలిక బిడియపడునేమో యని స్నానపు గది, మరుగుదొడ్డి సంగతులు దాచకుడు. చెంబు, బొక్కెన వాడుట సైతము చూపవలెను. దోమతెర కట్టుడు. త్రాగునీరు వేరుగా పెట్టి చూపుడు. కారము లేని కూర ఒకటి, పెరుగు, అరటిపండు ఉన్నచో నాలుగు దినములు గడచును, ప్రత్యేకమైన వంటలు అక్కరలేదు. ఆమె తల్లికి మీరే ఫోను చేసి, భాష రాకున్నను, మొగము చూపుడు. చుట్టుపట్లవారిని ఒక్కదినమున రానిచ్చి, తరువాత తలుపు వేయుడు. ఏ పని యామెదో రెండవనాడే చెప్పుడు.

వెళ్లునప్పుడు ఆ పిల్ల మా అత్తగారికి మ్రొక్కబోయి, మడిలో నున్నారని గురుతు తెచ్చుకొని దూరమునుండియే చేతులు జోడించెను. మొన్న ఆమె జాబు వచ్చినది. మామిడికాయల కాలమున మరల రావలెనని యున్నదట, ఎండలకు భయము లేదట. మనుమరాలు ఫోనులో ఆ సంగతి చదివి వినిపించగా మా అత్తగారు, "రమ్మను. ఆవకాయకి కాయలు తుడిచే వాళ్లు లేక ఏటా అవస్థగానే ఉంది" అనిరి.